తల్లి కాబోవు సహోదరి దేహములో కలుగు మార్పులు

వాక్యభాగములు: ఆదికాండము 25:20–26, 35:16–20, లూకా 1:24–25, 39–56.



ఈ నెల పాఠము గర్భిణీ స్త్రీ దేహమును గూర్చినది. ఇది స్త్రీల సమాజపు కూడికకు చెందినదే యనుకొని సహోదరులు పుట త్రిప్పవద్దు. అర్ధరాత్రి బండి పిలువవలసినదియు, దవాఖానకు పోవుటకు సరే యనవలసినదియు మన ఇండ్లలో తరచుగా మీరే గనుక ఈ పాఠము మీకును వ్రాయుచున్నాము.

ముందుగా రిబ్కా సంగతి చూడుడి. ఇస్సాకు నలువది యేండ్లవాడై ఆమెను పెండ్లి చేసికొనెను. పిల్లలు పుట్టునప్పటికి అతనికి అరువది యేండ్లు. ఇరువది సంవత్సరములు ఎదురుచూచిన గర్భము. అట్టి సమయమున ఆమె కడుపులో పెనుగులాట మొదలాయెను. కవలలని ఆమెకు తెలియదు. భయపడినది, ఇట్లయినచో నా బ్రతుకేమని దిగులుపడినది. అయితే మూలను కూర్చుండి ఏడ్వలేదు, వెళ్లి అడిగెను. యాకోబు ఏశావుల కథకు త్వరగా పోవలెనని మనము ఈ ఒక్క మాటను దాటి చదివెదము. తన దేహములో ఏమి జరుగుచున్నదని ఒక స్త్రీ అడిగినది, ఆమెకు జవాబు దొరికినది. మన పాఠమంతయు ఆ అడుగుటను గూర్చియే.

కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ వైపు మన గ్రామములలో అడుగుట అంత సులభము కాదు. "అత్తమ్మా, కాళ్లు వాస్తున్నయి" అని కోడలు చెప్పును. "మాకు రాలేదా బిడ్డా, కడుపుతోని ఉన్నోళ్లకు వచ్చేదే" అని అత్తగారు జవాబిచ్చును. ఆ మాట ప్రేమతో చెప్పినదే. అందులో సగము నిజము. మిగిలిన సగము ఒక్కొక్కప్పుడు ప్రాణము తీయును. ఏది సహజమైన మార్పు, ఏది అపాయపు గురుతు అని వేరుచేసి తెలిసికొనుటయే నేటి పని.

మొదటి మూడు నెలలలో పైకి ఏమియు కనబడదు గాని లోపల పని మిక్కిలి వేగముగా జరుగును. గర్భసంచి మామూలు దినములలో చిన్న జామకాయంత ఉండును. బరువు 60, 70 గ్రాములు. కాన్పు నాటికి బిడ్డను, మాయను, ఉమ్మనీటిని లెక్కింపక అదియొక్కటే సుమారు ఒక కిలో అగును. మూడవ నెల నిండువరకు అది కటి ఎముకల నడుమనే యుండి మూత్రాశయమును నొక్కుచుండును గనుక మాటిమాటికి మూత్రమునకు పోవలసి వచ్చును. అయిదవ నెలకు బొడ్డు దాకను, తొమ్మిదవ నెలలో ప్రక్కటెముకల దాకను లేచును.

వేవిళ్లు సాధారణముగా ఆరవ వారమున మొదలై నాలుగవ నెలలో తగ్గును. లేవగానే ఎండు రొట్టె ముక్కయో బిస్కత్తో తిని, కొంతసేపు ఆగి లేచుట, కడుపు నిండ ఒకేసారి తినక కొంచెము కొంచెముగా తినుట మేలు. త్రాగిన నీరు కూడ నిలువక, మూత్రము ముదురు పసుపుగా వచ్చుచు, బరువు తగ్గుచున్నయెడల అది వేవిళ్లని ఊరకుండరాదు. దవాఖానలో సెలైను ఎక్కించవలసి యుండును.

నడుము నొప్పి, మలబద్ధకము, గుండెలో మంట, చిగుళ్లనుండి రక్తము, ముఖముమీద నల్లని మచ్చలు, బొడ్డు క్రింద నల్లని గీత – ఇవియన్నియు సహజమైనవే. గర్భమును నిలుపుటకై పుట్టు హార్మోనులు ప్రేగులను మందగింపజేయును, కీళ్లను వదులు చేయును, చర్మపు రంగును మార్చును. ముఖముమీది మచ్చలను చూచి ఆడపిల్లయో మగపిల్లవాడో చెప్పుదుమను పెద్దమ్మలు ప్రతి ఊరనున్నారు. వారి జోస్యము సగముసార్లు నిజమగును. ఉన్నవి రెండే జవాబులు గదా.

ఇక రక్తము సంగతి కొంత నిదానముగా చెప్పవలెను. మన ప్రాంతమునకు ఇదే ముఖ్యము.

గర్భిణి దేహములో రక్తము పెరుగును. ఒక లీటరు, లీటరున్నర అధికముగా తయారగును. మామూలుగా ఉన్నదానికి ఇది దాదాపు సగము. గుండె నిమిషమునకు పది, ఇరువది మారులు ఎక్కువగా కొట్టుకొనును. గుండె దడదడలాడుచున్నదని, మెట్లెక్కినప్పుడు ఆయాసమగుచున్నదని సహోదరీలు చెప్పుట అందుచేతనే. అయితే రక్తములోని నీటిభాగము పెరిగినంతగా ఎర్ర కణములు పెరుగవు. పాలలో నీళ్లు కలిపినట్లు రక్తము కొంత పలుచబడును. ఇంతవరకు సహజమే. కాని ఎర్ర కణములు తయారగుటకును, బిడ్డకును, మాయకును కలిపి ఈ తొమ్మిది నెలలలో సుమారు వెయ్యి మిల్లీగ్రాముల ఇనుము కావలెను. అంత ఇనుము మన స్త్రీల దేహములలో నిలువ లేదు. చిన్ననాటినుండి చివరి బంతిలో, మిగిలినది తిన్నవారు, బహిష్టులలో కోల్పోయినవారు, వెంటవెంటనే కాన్పులైనవారు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణా గర్భిణులలో సగము మందికి పైగా రక్తహీనత గలవారని తేలినది.

మాతా శిశు కార్డులో హిమోగ్లోబిను అని ఒక అంకె వ్రాసియుండును. ఆ అంకె 11 గాని అంతకు పైగాగాని యున్నయెడల మంచిది. 7 నుండి 10 లోపు ఉన్నయెడల వైద్యము ఎక్కువగా కావలెను. 7 కంటె తగ్గినయెడల అది అపాయము. ఇంటియొద్ద మాత్రలతో సరిపెట్టుకొనక దవాఖానకు పోవలెను. ఏలయనగా ప్రతి కాన్పులోను కొంత రక్తము పోవును. రక్తము నిండుగా నున్న తల్లి అర లీటరు పోయినను తట్టుకొనును. తక్కువగా నున్న తల్లి అంత మాత్రమునకే కూలిపోవును. బేత్లెహేము త్రోవలో రాహేలు మరణించినప్పుడు మంత్రసాని ప్రక్కనే యుండెను, భయపడవద్దని ధైర్యము చెప్పెను. ధైర్యము చెప్పుట తప్ప ఆ దినములలో ఆమె చేతిలో మరేమియు లేకపోయెను. నేడు మన చేతులలో ఉన్నది. తెలంగాణాలో లక్ష కాన్పులకు మరణించు తల్లుల సంఖ్య 2014–16 లెక్కలలో 81. 2018–20 లెక్కలలో 43. అంకె తగ్గినది గాని ఆ 43 ఇండ్లలో చీకటి తగ్గలేదు.

ఆ ఎర్ర మాత్రను గూర్చి మన తెలుగువారు తెలిసికొనదగిన సంగతి యొకటి యున్నది. అందులో ఇనుముతో పాటు ఫోలిక్ ఆసిడ్ అను విటమిను ఉండును. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయికి వచ్చి, మిల్లులలో పనిచేయు పేద గర్భిణులకు కలుగు ఒక విధమైన రక్తహీనతను పరిశోధించెను. ఈస్టు సారము తినిపించినప్పుడు వారు కోలుకొనిరి. అందులో ఏదో పదార్థమున్నదని ఆమె కనుగొనెను గాని అది యేదో అప్పటికి తెలియదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర ఆకులనుండి దానిని తీసిరి. లాటిను భాషలో ఆకు అను మాటనుబట్టి ఫోలిక్ ఆసిడ్ అని పేరు పెట్టిరి. దానిని ప్రయోగశాలలో తయారుచేయు మార్గమును 1945లో సాధించిన లెడర్లీ కంపెనీ పరిశోధక బృందమునకు నాయకుడు మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరములో పుట్టినవాడు. తన సోదరులు స్ప్రూ అను ప్రేగుల వ్యాధితో మరణించుట చూచి, తానును ఆ వ్యాధిని అనుభవించినవాడు. ఆ వ్యాధికిని ఫోలిక్ ఆసిడ్ మందే. నర్సమ్మ ఇచ్చిన మాత్రలను చూరులో దాచిపెట్టు సహోదరి, ఒక తెలుగువాని కష్టమును అక్కడ దాచుచున్నదని మేము కూడికలలో చెప్పుచుందుము. నవ్వెదరు గాని తరువాత కొందరైనను మ్రింగెదరు.

ఎందుకు దాచెదరు? మాత్ర వేసికొన్నచో బిడ్డ నల్లగా పుట్టునని, బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగునని. ఈ రెండును నిజము కావు. బిడ్డ రంగు తల్లిదండ్రులనుబట్టి వచ్చును. మలము నల్లగా వచ్చుట మాత్రము నిజమే, అందువలన హాని లేదు. కడుపులో త్రిప్పినట్లుండిన రాత్రి భోజనమైన తరువాత వేసికొనవచ్చును. చాయతో గాని పాలతో గాని మ్రింగినయెడల ఇనుము దేహమునకు పట్టదు. నిమ్మకాయ నీళ్లతో బాగుగా పట్టును. సున్నపు మాత్రను, అనగా కాల్షియము మాత్రను, దీనితో కలిపి వేసికొనరాదు. రెండింటి నడుమ రెండు గంటలైనను ఎడముండవలెను. నాలుగవ నెలనుండి దినమునకొకటి చొప్పున 180 మాత్రలు, కాన్పు తరువాత మరి 180.

మాత్ర యున్నదని కూడు మానరాదు. తోటకూర, పుంటికూర, పప్పు, పల్లీలు, నువ్వులు, గ్రుడ్డు, దొరికినప్పుడు మాంసము తినవలెను. కామారెడ్డి బెల్లమునకు పేరుగాంచినది గనుక బెల్లము తిన్నచో చాలునని కొందరందురు. పల్లీలతో కలిపి తినుడి, మంచిదే. అయితే అందులోని ఇనుము మాత్రకు సాటిరాదు. 2022 డిసెంబరు 21న గర్భిణుల పోషకాహార కిట్టుల పంపిణీ ఆరంభమైనది మన కామారెడ్డిలోనే. రక్తహీనత ఎక్కువగా నున్న తొమ్మిది జిల్లాలను ఏర్పరచినప్పుడు వాటిలో మనదియొకటి. ఆ సంచిలో ఒక కిలో పోషకాహార పొడి, ఒక కిలో ఖర్జూరము, అర కిలో నెయ్యి, మూడు ఇనుపధాతువు సిరపు సీసాలు, నులిపురుగుల మాత్ర ఒకటి ఉండెను. ఆ నెయ్యి ఎవరు తినిరి? ఎన్ని ఇండ్లలో ఆ సంచి గర్భిణికే మిగిలెనో మనకు మనమే అడిగికొనవలెను.

కాన్పు సులభమగుటకు తక్కువ తినుమని చెప్పు పెద్దలు ఇంకను ఉన్నారు. తల్లి తక్కువ తిన్నయెడల కాన్పు సులభము కాదు. బిడ్డ బలహీనముగా పుట్టును, తల్లికి నొప్పులను తట్టుకొను బలముండదు. సాధారణముగా గర్భిణి పది, పండ్రెండు కిలోల బరువు పెరుగవలెను. అందులో బిడ్డ సుమారు మూడు కిలోలు. మాయ, ఉమ్మనీరు, పెరిగిన గర్భసంచి, పెరిగిన రక్తము కలిసి నాలుగు కిలోల వరకు ఉండును. మిగిలినది రొమ్ములు నిండుటకును, రేపు పాలిచ్చుటకు దేహము దాచుకొను నిలువకును.

ఇచ్చట బీడీలు చుట్టు సహోదరీలతో ఒక మాట. కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు ఎన్నో ఇండ్లు ఆ పనితోనే గడచుచున్నవి గనుక పని మానుమని సులువుగా చెప్పలేము. చాట ఒడిలో పెట్టుకొని వంగి గంటలకొలది కూర్చుండుటచే, కీళ్లు వదులైన గర్భిణికి నడుము నొప్పి రెట్టింపగును. పొగాకు సారము వ్రేళ్ల చర్మము గుండ కూడ దేహములోనికి పోవును. ధూళి ఊపిరితో పోవును. ఈ తొమ్మిది నెలలు గాలి తగులు వాకిట కూర్చుండుడి, గంటకొకసారి లేచి నడువుడి, తినుటకు ముందు చేతులు సబ్బుతో కడుగుకొనుడి. వీలైనచో ఆకు కత్తిరించు పని మీరు చేసి, పొగాకు నింపు పని ఇంట మరియొకరు చేయనియ్యుడి. ఇక కల్లు త్రాగినచో ఒంటికి చలువ యని గర్భిణికి పోయువారున్నారు. కల్లు మత్తు పదార్థమే. అది మాయ గుండ బిడ్డకు చేరును. మత్తు మందులు కలిపిన కల్లయినచో చెప్పనక్కర లేదు.

ఇప్పుడు ఎలీసబెతు ఇంటికి పోదము. ఆమె ముసలితనమున తొలిచూలు గర్భవతియై అయిదు నెలలు ఇల్లు దాటలేదు. నేటి డాక్టరమ్మ యైనచో అట్టి తల్లిని ఎక్కువ సార్లు పరీక్షకు రమ్మనును. ఆరవ నెలలో మరియ వచ్చి వందనము చేసినప్పుడు గర్భములోని శిశువు గంతులు వేసెను. తొలి గర్భములో బిడ్డ కదలిక అయిదవ నెలలో, 18, 20 వారములప్పుడు, తెలియుట మొదలగును. తరువాతి గర్భములలో కొంత ముందుగానే. ఆరవ నెలనుండి ఆ కదలిక తల్లికి ప్రతిదినపు సమాచారము. ఎప్పటివలె కదలుట లేదని తల్లికి తోచినయెడల, ఎడమ ప్రక్కకు పండుకొని రెండు గంటలు లెక్కింపవలెను. అప్పటికిని తక్కువగానే యున్నచో ఆ దినమే పోవలెను, రేపటికి వాయిదా వేయరాదు. మరియ అక్కడ ఇంచుమించు మూడు నెలలుండెను. కాన్పు దగ్గరపడుచున్న స్త్రీ యొద్ద తన మాట వినువారు ఒకరుండుట ఎంత మేలో ఆ మూడు నెలలు చెప్పుచున్నవి.

మా మాట చెప్పుకొందుము. కొన్ని సంవత్సరముల క్రిందట, ఎల్లారెడ్డి వైపు ఒక గ్రామములో, క్రిస్మసుకు ముందు కూడికకు పోతిమి. అక్కడ ఒక కోడలు, తొలిచూలు, ఎనిమిదవ నెల. గాజులు బిగుసుకొని చేతులకు అచ్చులు పడినవి. ప్రొద్దున లేచునప్పటికే ముఖము ఉబ్బియుండెను. మూడు దినములనుండి తలనొప్పి యని చెప్పెను. అత్తగారు దిష్టి యనిరి. మేమేమి చేసితిమి? ఆమె తలమీద చేయి ఉంచి ప్రార్థించి, చాయ త్రాగి, తరువాతి ఇంటికి పోతిమి. ఉపకేంద్రపు నర్సమ్మ మరునాడు టీకా పనిమీద వచ్చి, ఆమె ముఖము చూచి, రక్తపు పోటు కొలిచెను. 160, 110. అప్పటికప్పుడే 108 బండిలో కామారెడ్డికి పంపిరి. దేవుని కృపవలన తల్లియు బిడ్డయు బ్రదికిరి. బిడ్డ నెల ముందుగా పుట్టి కొన్ని దినములు పెట్టెలో నుండెను. తలనొప్పి మాట మా చెవిని పడినది. మేము అడుగలేదు. ప్రార్థన తప్పు కాదు. ప్రార్థన చేసి ఊరకుండుట తప్పు. ఆ దినమునుండి ప్రతి గర్భిణి ఇంట ప్రార్థనకు ముందు అయిదు నిమిషములు ప్రశ్నలడుగుట మాకు నియమమైనది.

ఆ ప్రశ్నలు ఇవి. కాళ్ల వాపు సాయంకాలము వచ్చి రాత్రి పండుకొన్న తరువాత తగ్గుచున్నదా, లేక ప్రొద్దుననే ముఖమును చేతులును ఉబ్బుచున్నవా? మొదటిది సహజము. పెరిగిన గర్భసంచి కాళ్లనుండి పైకి వచ్చు రక్తనాళములను నొక్కుటచేత అట్లగును. రెండవది అపాయము కావచ్చును. మానని తలనొప్పి, కండ్ల ముందు మెరుపులు లేక మసక, రొమ్ము ఎముక క్రింద నొప్పి ఉన్నవా? రక్తపు పోటు 140, 90 దాటెనా? ఇవి మన పెద్దలు గుర్రపు వాతమనిన ఫిట్లకు ముందు వచ్చు గురుతులు. ఏ నెలలోనైనను రక్తము కనబడెనా? నొప్పులు లేకుండ ఉమ్మనీరు పోయెనా? జ్వరమున్నదా? బిడ్డ కదలుచున్నదా? వీటిలో ఒక్కదానికి అపాయపు జవాబు వచ్చినను కూడికను ఆపి 108కి ఫోను చేయవలెను.

చివరి నెలలలో నిద్ర కష్టమగును. వెల్లకిల పండుకొన్నచో బరువైన గర్భసంచి వెన్నెముక ప్రక్కనున్న పెద్ద రక్తనాళమును నొక్కి తల త్రిప్పును గనుక ప్రక్కకు, విశేషముగా ఎడమ ప్రక్కకు పండుకొనుట మేలు. తొలిచూలు గర్భములో కాన్పుకు రెండు మూడు వారముల ముందు బిడ్డ తల క్రిందికి దిగును. కడుపు జారినదని భయపడవద్దు. ఊపిరి తేలికగును, మూత్రము మరల ఎక్కువగును. దేహము తొమ్మిది నెలలు ఈ దినమునకై సిద్ధపడినది. అయినను పైన చెప్పిన సర్వే ప్రకారము తెలంగాణాలో నూటికి అరువది కాన్పులు ఆపరేషనుతో జరిగినవి, దేశములో అన్ని రాష్ట్రములకంటె ఎక్కువ. అవసరమైన ఆపరేషను ప్రాణము కాపాడును, దానికి వెనుదీయరాదు. ముహూర్తము కొరకు, నొప్పుల భయము కొరకు కోరి చేయించుకొనుట వేరు.

బిడ్డ పుట్టగానే పని ముగిసినదనుకొనరాదు. మాయ పడిన తరువాత గర్భసంచి బొడ్డు దగ్గర గట్టి ఉండవలె తెలియును. రెండు వారములలో కటిలోనికి దిగి, ఆరు వారములకు పూర్వస్థితికి వచ్చును. బిడ్డను మొదటి గంటలోనే రొమ్మునకు పట్టించినయెడల అది త్వరగా ముడుచుకొని రక్తస్రావము తగ్గును. మొదటి దినము గుడ్డలు వెంటవెంటనే తడిసిపోవుచున్నయెడల, తరువాతి దినములలో జ్వరముతో దుర్వాసన గల మైల పోవుచున్నయెడల, కాన్పైన తరువాత తలనొప్పితో చూపు మసకబారినయెడల, పైన చెప్పినట్లే వెంటనే పోవలెను. గుర్రపు వాతము కాన్పు తరువాత కూడ రావచ్చును.

ఈ పాఠము జరుగు దినమున సంఘములోని గర్భిణీ సహోదరీలందరు తమ మాతా శిశు కార్డులు తెచ్చుకొనవలెనని ముందు ఆదివారమే ప్రకటింపుడి. చదువు వచ్చిన యువతులు ఒక్కొక్కరి ప్రక్కన కూర్చుండి హిమోగ్లోబిను అంకెను, రక్తపు పోటును, మిగిలిన మాత్రలను చూచి చెప్పవలెను. అంకె బయటికి చదివి ఎవరిని సిగ్గుపరచకుడి. ప్రతి నెల 9వ తేదీన సర్కారు దవాఖానలలో గర్భిణులకు ఉచితముగా డాక్టరు పరీక్ష జరుగుచున్నది; 2016లో మొదలైన ఏర్పాటిది. ఆ దినమున ఎవరెవరు పోవలెనో, ఎవరి వెంట ఎవరు తోడు పోవుదురో, కూడిక ముగియకముందే పేర్లు వ్రాసికొనుడి.